14567 ఎల్డర్‌లైన్: పెద్దవాళ్ల డబ్బు ఇంట్లోవాళ్లే వాడేసుకుంటుంటే

ముందే చెప్పేస్తున్నా, పెద్దవాళ్ల డబ్బు ఎవరో వాడేసుకుంటున్నారని అనుమానం వచ్చి ఆన్‌లైన్‌లో సాయం వెతుకుతుంటే మొదట ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. నా రేటింగ్ ఐదుకి నాలుగు. 'అమ్మ పెన్షన్ కొడుకు తీసేసుకుంటున్నాడు' అని కొట్టి చూస్తే నాకు ముందు కనిపించినవి లాయర్ల ప్రకటనలు, పోయిన డబ్బు ఇప్పిస్తామనే రికవరీ ఏజెంట్లు, ఎవరివో తెలియని కస్టమర్ కేర్ నంబర్లు. ముందు ఫీజు కట్టమన్నా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా అక్కడితో ఆపేయండి. ఒకసారి మోసపోయినవాళ్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు.

మాది తార్నాకలో ఉండే పెద్దమ్మ విషయం. ఆవిడ కర్ర లేకుండా మెట్లు దిగలేదు, కానీ పాస్‌బుక్ ప్రింట్ తీయిస్తే పెన్షన్ పడిన మర్నాడల్లా కూకట్‌పల్లి ఏటీఎంలో విత్‌డ్రాయల్! కార్డు, పిన్, మెసేజ్‌లు వచ్చే సిమ్ అన్నీ కొడుకు దగ్గరే. పైగా ఇల్లు తన పేర గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, చేయమని ఒత్తిడి.

ఎల్డర్‌లైన్ కేంద్ర సామాజిక న్యాయ శాఖది, అరవై దాటినవాళ్ల కోసం. మొదట మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2017లో, టాటా ట్రస్ట్స్ సాయంతో. దేశమంతా వచ్చింది 2021లో. ఫోన్ ఎత్తినామె తెలుగులోనే మాట్లాడింది. నాకు నచ్చింది ఏంటంటే, నేను చెప్పిందంతా విని, "అమ్మగారితో ఒకసారి మాట్లాడొచ్చా" అని అడిగింది. పెద్దమ్మ ఏడుస్తూనే "కేసు వద్దమ్మా, నా కార్డు నాకు ఇప్పించండి చాలు" అంది. అలా అన్నందుకు ఆమె మందలించలేదు, భయపెట్టలేదు, తొందరపెట్టలేదు. కేసు లేకుండా ఏం చేయొచ్చో, కావాలంటే తర్వాత ఏ దారి ఉందో విడివిడిగా చెప్పింది. కన్నకొడుకు మీద ఫిర్యాదు అంటే ఏ తల్లికైనా ప్రాణం ఒప్పదు, ఆ సంగతి తెలిసి మాట్లాడేవాళ్లు దొరకడం చాలా పెద్ద విషయం. ఒక్క జాగ్రత్త, ఆ పెద్దవాళ్ల ఫోన్ ఎదుటివాళ్ల చేతిలో ఉంటే వేరే ఫోన్ నుంచి చేయండి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే పనిచేస్తుంది, రాత్రి కొట్టారన్నా, బెదిరించారన్నా ఎమర్జెన్సీ నంబర్ 112 తప్ప దారి లేదు. ఇంకోటి, వీళ్లు దారి చూపిస్తారు, మధ్యలో మాట్లాడతారు, అంతేగానీ ఆర్డర్ వేయలేరు. అది ఆర్డీఓ దగ్గర ఉండే ట్రైబ్యునల్ పని, 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద. పెద్దవాళ్లు వెళ్లలేకపోతే వాళ్లు అధికారం ఇచ్చినవాళ్లు కూడా అర్జీ పెట్టొచ్చు.

గిఫ్ట్ డీడ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే సెక్షన్ 23 కింద ఆ డీడ్‌ని ట్రైబ్యునల్ రద్దు చేయొచ్చు, ఇల్లు తిరిగి స్వాధీనం చేయమని కూడా చెప్పొచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఆ షరతు ఉందని చూపించాలని అదే కోర్టు 2022లో చెప్పింది. కాబట్టి ఎంత నమ్మకమున్నా, తిండి, మందులు, ఉండడానికి చోటు ఇస్తేనే అని డీడ్‌లోనే రాయించండి. మా పెద్దమ్మ అసలు సంతకమే చేయలేదు, నాకైతే అదే పెద్ద ఊరట.

బ్యాంకు దగ్గరే విసుగొచ్చింది. పేరు చెప్పను. "ఖాతాదారే రావాలి" అని ఒకటే పాట. డెబ్బై దాటినవాళ్లకి ఇంటికే వచ్చి సేవలు ఇవ్వమని ఆర్‌బీఐ 2017లోనే చెప్పిందని కాగితం మీద రాసి ఇచ్చాక మనిషిని పంపారు. పాత కార్డు బ్లాక్ చేయించి, ఆవిడ కొత్త నంబర్ ఖాతాకి కలిపించాం. మీ బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు.

డబ్బు లాగింది ఇంట్లోవాళ్లు కాదు, పోలీసులమంటూ ఫోన్‌లో బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనో కేవైసీ అనో ఎవరో బయటివాళ్లు అయితే ఇదంతా తర్వాత. ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, డబ్బు ఇంకో ఖాతాకి దాటేలోపు ఆపే వీలు అప్పుడే ఉంటుంది.