మూడేళ్లు గ్యాస్ పట్టించాక దొరికిన లీకు: విజయవాడ ఆటోనగర్ కారు ఏసీ షెడ్డు, నా రివ్యూ

పని చేయించి పద్నాలుగు నెలలైంది. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ, కారు ఏసీ విషయంలో షెడ్డులోంచి బయటికొచ్చిన రోజు చల్లగా ఉండటం పెద్ద గొప్పేం కాదు, ఎవరు గ్యాస్ పట్టినా ఆ రోజు చల్లగానే ఉంటుంది, ఇంకో ఎండాకాలం గడిస్తే గానీ ఆ పని మంచిదో కాదో తేలదు. మొన్న రోహిణి కార్తె కూడా వెళ్లిపోయింది. ఏసీ అలాగే ఉంది. అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నాది పదేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. నాన్నకి డెబ్భై ఆరేళ్లు, గుండె ఆపరేషన్ అయ్యాక నెలకోసారి చెకప్‌కి గుంటూరు తీసుకెళ్లాలి. పొద్దున్నే బయల్దేరతాం కాబట్టి వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు, డాక్టరు గారిని చూసి, పరీక్షలు అయ్యి, తిరిగి బయల్దేరేసరికి మిట్టమధ్యాహ్నం. మంగళగిరి వచ్చేలోపే ఆయన చొక్కా తడిసి ముద్దయిపోయేది. ఆయన ఏమీ అనేవారు కాదు, కిటికీ అద్దం కొంచెం దించి అటు తిరిగి కూర్చునేవారు, వచ్చేది మళ్లీ వడగాలే కదా. అది చూస్తూ బండి నడపడం నా వల్ల అయ్యేది కాదు.

మూడేళ్ల పాటు నేను చేసిన పని ఒక్కటే. ఎండలు ముదిరే ముందు మా ఇంటి దగ్గర ఒక షాపులో గ్యాస్ పట్టించడం. 1,500 రూపాయలు, ఇరవై నిమిషాలు. ఆ షాపతను గొట్టం తగిలించి, మీటరు ముల్లు పైకి లేవగానే 'ఫుల్ అయింది సార్' అనేవాడు. మొదటి ఏడు ఆగస్టు దాకా వచ్చింది, రెండో ఏడు జూన్ దాకా, మూడో ఏడు మార్చిలో పట్టిస్తే ఏప్రిల్ మూడో వారానికల్లా ఫ్యాను గాలే. కారు ఏసీ అంటే అంతేనేమో, పెట్రోలు పోయించుకున్నట్టు ఏటా గ్యాస్ పట్టించాలేమో అనుకున్నాను. నాలాగే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కూలింగ్ కాయిల్ (లోపలికొచ్చే గాలిని చల్లబరిచే భాగం) లీకు అన్నారు, డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, కాయిలు, డ్రయ్యరు (గ్యాస్‌లో తేమ పీల్చే డబ్బా), లేబరు అన్నీ కలిపి 21,000 అని కాగితం చేతిలో పెట్టారు. లీకు ఎక్కడుందో చూపించమంటే, చూడాలంటే విప్పాలి, విప్పితే మార్చాల్సిందే అన్నారు. ఇంత డబ్బు పెట్టేముందు ఇంకొకరికి చూపిద్దామని, మా ఆఫీసులో ట్యాక్సీ నడిపే అతన్ని అడిగితే ఆటోనగర్‌లో ఈ షెడ్డు చెప్పాడు.

షెడ్డు పేరు, నంబరు ఇక్కడ రాయడం లేదు. రివ్యూ రాస్తానని చెబితే మెకానిక్ పెద్దాయనే వద్దన్నారు. ఆయనా, ఒక కుర్రాడూ, అంతే, ఎండాకాలంలో రోజుకి నాలుగు బళ్లకి మించి చేయలేరు, వచ్చినవాళ్లని వెనక్కి పంపడం ఆయనకి ఇష్టం ఉండదు. ఇలా పని చేసేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు కాబట్టి ఆయన ఏం చేశారో వివరంగా చెప్తాను, అది చూసి మీ దగ్గర ఉన్నవాళ్లని మీరే పోల్చుకోవచ్చు.

వెళ్లగానే ఆయన గేజులు, అంటే ప్రెషర్ మీటర్లు, తగిలించలేదు. ఏసీ ఆన్ చేయించి, ముందు వెంట్‌లో ఒక చిన్న థర్మామీటరు పెట్టారు. 19 డిగ్రీలు చూపించింది. గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు, అదే కంప్రెసర్, దాని క్లచ్ టక్‌మని పట్టుకుని, కొద్ది సెకన్లకే వదిలేస్తోంది. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాను తిరుగుతోందా లేదా, బ్లోయర్ గాలి జోరు ఎంత అని చూశారు. తర్వాత గ్లవ్ బాక్స్ వెనక నుంచి క్యాబిన్ ఫిల్టర్ లాగి నా చేతికిచ్చారు, చూస్తే సిగ్గేసింది, ఎండుటాకులూ దుమ్మూ కలిసి చాపలా పేరుకుపోయాయి. గ్యాస్ సరిగ్గా ఉన్నా ఇది ఇలా ఉంటే గాలి సరిగ్గా రాదు, 350 రూపాయల ఫిల్టరు.

నన్ను ఆయన అడిగిన మొదటి ప్రశ్న: 'బాబూ, ఇంతకు ముందు గ్యాస్ పట్టినవాళ్లు ఎన్ని గ్రాములు పట్టారో చెప్పారా?'

గ్రాములా? మూడేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆయన బానెట్ ఎత్తి, లోపల అంటించి ఉన్న స్టిక్కర్ మీద మట్టి తుడిచి చూపించారు. ఆర్-134ఏ, అంటే నా కారు ఏసీ గ్యాస్ రకం, 360 గ్రాములు. పదేళ్లుగా నా కారులోనే ఉన్న ఆ స్టిక్కర్ నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో వంట గ్యాస్ సిలిండర్ సంగతి చెప్పి అర్థమయ్యేలా చేశారు. సిలిండర్ నిండుగా ఉన్నా సగం ఉన్నా లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకు ప్రెషర్ ఒకటే ఉంటుంది, ఆ ప్రెషర్ ఎండని బట్టి మారుతుంది గానీ గ్యాస్ ఎంతుందన్న దాన్ని బట్టి కాదు, అందుకే సిలిండర్ తీసుకునేటప్పుడు మనం తూకం చూసుకుంటాం. కారు ఏసీ కూడా అంతే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ముల్లు పైకి లేచిందని 'ఫుల్' అంటే అది నమ్మే లెక్క కాదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు రెండు గేజులూ (కంప్రెసర్‌లోకి వెళ్లే తక్కువ ప్రెషర్ వైపు లో సైడ్, బయటికొచ్చే ఎక్కువ ప్రెషర్ వైపు హై సైడ్) చూస్తే కొంత తెలుస్తుంది, కానీ అది కూడా అంచనాయే. తూకమే అసలు లెక్క. తక్కువైతే కూలింగ్ రాదు, ఎక్కువైనా రాదు, ఎక్కువైతే హై సైడ్ ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది, మరీ పెరిగితే ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. గ్యాస్ ఖర్చయిపోయే వస్తువు కాదు. అదే గ్యాస్ కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కణ్ణుంచి ప్రెషర్ తగ్గించే సన్నని దారి, అదే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, మీదుగా కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం మామూలే, కానీ నెల రోజుల్లో కూలింగ్ పోయిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారుతున్న కుండలో నీళ్లు పోస్తూ కూర్చున్నాను మూడేళ్లు.

లీకు పట్టుకోవడమే ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. ఉన్న గ్యాస్ తీసేసి, నైట్రోజన్ సిలిండర్ తగిలించి 150 పీఎస్‌ఐ దాకా ఎక్కించారు. కుర్రాడు సబ్బు నురగ బ్రష్‌తో ప్రతి జాయింటుకీ రాశాడు, కంప్రెసర్ దగ్గర, కండెన్సర్ పైపుల దగ్గర, లోపల కూలింగ్ కాయిల్‌కి వెళ్లే పైపుల దగ్గర. ఎక్కడా బుడగ లేదు. అంటే కాయిలే పోయిందేమో అని నాకు టెన్షన్ మొదలైంది. అప్పుడు పెద్దాయన గేజుల గొట్టాలు రెండూ ఊడదీశారు. లో సైడ్ నాజిల్ మీద నురగ పెట్టమన్నారు. ఆవగింజంత బుడగ ఒకటి లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది.

గేజు తగిలించి ఉన్నంతసేపు ఆ లీకు కనపడదు, ఎందుకంటే గొట్టమే దాన్ని మూసేస్తుంది. ఆ నాజిల్ లోపల సైకిల్ ట్యూబు వాల్వులాంటి చిన్న పిన్ను ఉంటుంది, దాని రబ్బరు అరిగిపోయింది. పైన బిగించాల్సిన మూత లేదు. ఆ మూత దుమ్ము పడకుండా పెట్టిన అలంకారం కాదు, లోపల ఓ రింగ్ ఉంటుంది, పిన్ను కారినా గ్యాస్ పోకుండా ఆపే రెండో తలుపు అది. గ్యాస్ పట్టించిన ఏదో ఒకసారి మూత తీసి మళ్లీ పెట్టలేదు. నాజిల్ చుట్టూ జిడ్డు పట్టి దానికి మట్టి అంటుకుని ఉంది, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది కాబట్టి అలా అవుతుందట. 21,000 ఖర్చుపెట్టి కాయిల్ మార్పించినా, ఈ పిన్ను మార్చకపోతే మళ్లీ ఇదే తంతు. నాకు కోపం రాలేదు అంటే అబద్ధం. చాలా కోపం వచ్చింది.

పిన్ను మార్చి, రెండు నాజిళ్లకీ కొత్త మూతలు బిగించి, మళ్లీ నైట్రోజన్ ఎక్కించి అరగంట ఆపారు. ముల్లు కదల్లేదు. తర్వాత వాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేయడం. దీన్ని చాలామంది ఎగ్గొడతారు, లేదా ఐదు నిమిషాలు పెట్టి అయిపోయిందంటారు. లోపల గాలి, తేమ మిగిలిపోతే కూలింగ్ తగ్గుతుంది, తేమ ఆయిల్‌తో, గ్యాస్‌తో కలిసి లోపలి భాగాలని తినేస్తుంది, ఒక్కోసారి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. గాలి లాగేసి ప్రెషర్ బాగా తగ్గిస్తే నీళ్లు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతాయి, పంపు ఆ ఆవిరిని బయటికి లాగేస్తుంది. ఆయన నలభై నిమిషాలు పంపు నడిపి, ఆపి, క్యారేజీ విప్పి భోజనం చేసి వచ్చి ముల్లు చూశారు. అక్కడే ఉంది. అప్పుడు కంపెనీ చెప్పిన గ్రేడ్ కంప్రెసర్ ఆయిల్ (పీఏజీ) 30 మిల్లీలీటర్లు పోసి, గ్యాస్ సిలిండర్‌ని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి సరిగ్గా 360 గ్రాములు ఎక్కించారు. ఈలోగా కుర్రాడు కండెన్సర్‌ని తక్కువ జోరు నీళ్లతో కడిగాడు. పెద్ద ప్రెషర్‌తో కొడితే రెక్కలు వంగిపోతాయి, వాటర్ సర్వీసింగ్ చేయించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

బయట 41 డిగ్రీలు. లో సైడ్ 38, హై సైడ్ 240 పీఎస్‌ఐ. వెంట్‌లో 8 డిగ్రీలు. ఆ థర్మామీటరు లాంటిదే నేనూ ఒకటి కొనుక్కున్నాను, మొన్న మే నెలలో పెట్టి చూస్తే మళ్లీ అదే 8. గుంటూరు నుంచి వస్తూ నాన్న ఫ్యాను తగ్గించమన్నారు, చలేస్తోందట.

ఖర్చు ఫిల్టరుతో కలిపి 3,250 రూపాయలు. మూడేళ్లలో నేను పోసిన 4,500 కన్నా తక్కువ.

నచ్చనివీ ఉన్నాయి. సగం రోజు పడుతుంది, కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు, రేకుల కింద మంటలా ఉంటుంది, పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లొద్దు. బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చారు. ఇవి చిన్నవి. నన్ను నిజంగా బాధపెట్టింది ఒకటి ఉంది: మిగిలి ఉన్న పాత గ్యాస్‌ని ఆయన గాల్లోకి వదిలేశారు. ఆర్-134ఏ ఓజోన్‌కి హాని చేయదు, పాత కార్లలో ఉండే ఆర్-12 బదులు ఇది వచ్చింది అందుకే, కానీ భూమిని వేడెక్కించే శక్తి నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,430 రెట్లు. నా కారులో సగం, అంటే 180 గ్రాములు మిగిలి ఉందనుకుంటే, అది 257 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, నూట పది లీటర్ల పెట్రోలు కాల్చినంత. ఇలాంటి గ్యాసుల్ని తగ్గించడానికి 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఒప్పందం జరిగింది, మన దేశం 2021లో ఆమోదించింది. మన ఊళ్లలో షెడ్డుల దాకా అది ఇంకా రాలేదు. అక్కడే ఆయన్ని అడిగాను, గ్యాస్‌ని వెనక్కి లాగి సిలిండర్‌లో పట్టే మెషీన్ ఉంటుంది కదా అని. ఆయన తప్పించుకోలేదు. 'తప్పే బాబూ, మెషీన్ కొనడానికి చీటీ కడుతున్నా' అన్నారు. పోయిన డిసెంబరులో అటు వెళ్లినప్పుడు చూశాను, కొన్నారు. నీలం రంగు మెషీన్, గోడ పక్కన. అందుకే ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, అప్పుడైతే నాలుగే ఇచ్చేవాణ్ణి.

ఆయన చెప్పి నేను పాటిస్తున్నవి రెండు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయడం, ఆయిల్ తిరిగి కంప్రెసర్ సీలు ఎండిపోకుండా ఉంటుంది. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే ఒక నిమిషం అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, తర్వాత లోపలి గాలే తిరిగే బటన్ నొక్కడం.

మీరు ఎక్కడికి వెళ్లినా సరే, వెళ్లేముందు బానెట్ ఎత్తి ఆ స్టిక్కర్ ఫోటో తీసుకోండి, రెండు నాజిళ్ల మీదా మూతలు ఉన్నాయో లేవో చూడండి. కొత్త కార్లలో కొన్నింటికి ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ వస్తోంది, దాంట్లో ఆర్-134ఏ కలపకూడదు. షెడ్డులో కాటా కనపడకపోతే, ఎన్ని గ్రాములు పడతారని అడగండి. సమాధానం చెప్పకుండా గొట్టం తగిలించబోతే బండి వెనక్కి తీసుకొచ్చేయండి.