సీసం తిన్న ఆవుకు విటమిన్ సి మేలా, ఈడీటీఏ మేలా?

పారేసిన బ్యాటరీల్లోని సీసం పలకలు నాకిన ఆవు ఉన్నట్టుండి పళ్ళు కొరుకుతుంది, కళ్ళు కనపడనట్టు తడబడుతుంది, తలను గోడకు ఆనించి నిలబడిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "నాలుగు నిమ్మకాయలు పిండి పోయండి, విషం విరుగుతుంది" అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆవు దగ్గర అది నిలవదు.

సీసం రక్తం తయారీకి కావలసిన ఎంజైములను పట్టేస్తుంది, కణాల్లో ఆక్సీకరణ దెబ్బ పెంచుతుంది. ఈ రెండో దెబ్బను విటమిన్ సి తగ్గిస్తుందని ఎలుకల ప్రయోగాల్లో చాలాసార్లు తేలింది. అయితే ఎలుక నెమరువేయదు కదా! ఆవుకు నోటితో ఇచ్చిన విటమిన్ సి చాలావరకు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవుల పాలవుతుంది. పైగా ఆవు కాలేయం తనకు కావలసిన విటమిన్ సి తానే తయారు చేసుకుంటుంది.

కాల్షియం ఈడీటీఏ అనే మందు పని వేరు. తనలోని కాల్షియాన్ని వదిలి సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. దీన్ని ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. నోటితో పోస్తే పేగుల్లోని సీసం ఇంకా ఎక్కువగా ఒంటపడుతుంది. కిడ్నీలకు భారం, ఒంట్లోని జింక్ కూడా పోతుంది, కనుక ఇది పశువైద్యుడి చేతిలో ఉండాల్సిన మందు. తోడుగా థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు, సీసాన్ని కరగకుండా గడ్డకట్టించే ఎప్సమ్ ఉప్పు ఇస్తారు. మింగిన సీసం ముక్క పొట్టలోనే ఉండిపోతే మాత్రం ఎంత బయటికి పంపినా కొత్త సీసం కరుగుతూనే ఉంటుంది.

అందుకే ఆవుకు నేను ఈడీటీఏ వైపే. విటమిన్ సి ఇంజెక్షన్ పక్కన ఉంటే అభ్యంతరం లేదు, దానిమీదే ఆధారపడితే పశువు దక్కదు.

లోహం మారితే లెక్క కూడా మారుతుంది. కాడ్మియం కలిపిన మేత తిన్న జపాన్ కౌజు పిట్టల్లో విటమిన్ సి రక్తహీనతను ఆపిందని 1970లోనే తేలింది. ఇనుము బాగా ఒంటపట్టడమే అందుకు ముఖ్య కారణం. అదే విటమిన్ సిని, కాలేయంలో రాగి పేరుకున్న బెడ్లింగ్టన్ టెర్రియర్ జాతి కుక్కకు ఇస్తే, రాగితో కలిసి ఆక్సీకరణను పెంచే ప్రమాదం ఉంది. అక్కడ మానడమే మేలు.

ఇక ఆవు లేచి మేత మొదలుపెట్టిందని పాలు వెంటనే పోయించకండి. సీసం ఎముకల్లో దాక్కుని పాలలోకి వస్తుంది; రక్త పరీక్షలో తగ్గిందని తేలేదాకా దూడకూ, ఇంట్లోకీ వద్దు.