షాంటిల్లీలో గుర్రాలు మురిపించాయి, బస ఏడిపించింది

ఫ్రాన్స్‌లోని షాంటిల్లీ వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ అక్కడ "పాతకాలపు ఎస్టేట్, ఆనాటి సామాన్లు, సొంత గుర్రాలు" అని ప్రకటన చూసి గది బుక్ చేసేముందు మాత్రం ఇది చదవండి. పేరు రాయను. ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, అన్నీ ఒకలాగే ఉంటాయని నేననను.

మేం ఉండేది నెదర్లాండ్స్‌లో, ఐంధోవెన్‌లో. మే సెలవులకి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. మా పాపకి పదకొండేళ్లు, గుర్రాలంటే ప్రాణం. పుట్టినరోజుకి ఏం కావాలంటే గుర్రాలున్న చోటికి తీసుకెళ్లమంది. అలా పారిస్‌కి ఉత్తరాన యాభై కిలోమీటర్ల లోపే ఉన్న షాంటిల్లీ అనుకున్నాం. కారులో ఐదు గంటల ప్రయాణం, దారిలో చెప్పుకోవలసిందేమీ లేదు.

బస ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల, అడవి అంచున. రాత్రికి 185 యూరోలు, రెండు రాత్రులకి 370. శుభ్రం చేసినందుకు 60. డిపాజిట్ 250, కార్డు మీద. ఇల్లు బయట నుంచి ఫొటోలో ఉన్నట్టే ఉంది, అది నిజమే. లోపల హాల్లో నాలుగు కుర్చీలుంటే రెండింటికి అడ్డంగా తాడు కట్టి, కూర్చోవద్దని చీటీ పెట్టారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మిగిలిన రెండిట్లో ఒకటి మరీ కిందికి ఉంది, కూర్చుంటే లేవలేదు. అంత అద్దె కట్టి ఆవిడ మంచం మీదే కూర్చుని కాఫీ తాగాల్సి వచ్చింది. రాత్రి పదికల్లా హీటర్ ఆపేశారు. ఇద్దరు స్నానం చేసేసరికి వేడి నీళ్లు అయిపోయాయి. ఇక "పిల్లలకు స్వారీ" అన్నది వేరే 40 యూరోలు. అదీ పెరట్లో ఒక పోనీ మీద ఇరవై నిమిషాలు, ఒకామె పగ్గం పట్టుకుని చుట్టూ తిప్పింది. పాప దిగి వచ్చి ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడలేదంటే ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. అడవి దారిలో కారు ఆపాల్సి వచ్చింది. ఎదురుగా రేసు గుర్రాలు వరుసగా రోడ్డు దాటుతున్నాయి. షాంటిల్లీ చుట్టుపక్కల శిక్షణలో ఉన్న రేసు గుర్రాలు రెండు వేలకు పైనే ఉంటాయి, రోజూ పొద్దున ఈ అడవి బాటల్లోనే పరిగెత్తిస్తారు. మేం లెక్కపెట్టినవి పద్దెనిమిది. చలికి ముక్కుల్లోంచి ఆవిర్లు, ఒళ్లంతా చెమటతో నిగనిగలు. పాప అద్దం దించి చెయ్యి కూడా ఊపకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. దీనికి ఎవరూ ఒక్క సెంటు అడగలేదు.

షాటో అంటే కోటలాంటి రాజభవనం. అది, గుర్రాలసాల, తోట అన్నిటికీ కలిపి పెద్దవాళ్లకి మేం కట్టింది 18 యూరోలు. ముందు గుర్రాలసాలకే వెళ్లాం, పాప ఆగదు కాబట్టి. దూరం నుంచి అదే రాజభవనమేమో అనుకున్నాం. 186 మీటర్ల పొడవు, మధ్యలో గుమ్మటం ఎత్తు 28 మీటర్లు. 1719లో మొదలుపెట్టి కట్టించింది బూర్బన్ డ్యూక్ లూయీ ఆన్రీ, కట్టిన శిల్పి ఝాఁ ఒబేర్. 240 గుర్రాలు, వేటకుక్కల గుంపులు ఇక్కడ ఉండేవట. ఆ డ్యూక్ మరుజన్మలో గుర్రమై పుడతానని నమ్మి ఇంత గొప్పగా కట్టించాడని ఒక కథ చెబుతారు. నేనది చెప్పగానే అమ్మ, "మళ్లీ పుట్టినా తన ఇంట్లోనే ఉండాలనుకున్నాడు పాపం" అంది.

గుమ్మటం కింద శిక్షణ ప్రదర్శన అరగంట. వివరాలన్నీ ఫ్రెంచిలోనే, మాకెవరికీ ఆ భాష రాదు. అయినా ఏమీ తక్కువ కాలేదు. తెల్లగుర్రం ఒకటి ఉన్నచోటే కదలకుండా అడుగులు వేస్తూ నిలబడింది, రౌతు చేతులు కదిలినట్టే లేదు. అయిపోయాక సాలలోంచి నడుస్తుంటే ఒక బూడిదరంగు గుర్రాన్ని బయటికి తీసుకొస్తున్న అమ్మాయి అమ్మని చూసి ఆగింది. తాకవద్దని బోర్డులున్నాయి, మేం దూరంగానే ఉన్నాం. ఆ అమ్మాయే అమ్మ చెయ్యి పట్టుకుని, అరచెయ్యి చాపించి, గుర్రం ముక్కు కింద పెట్టింది. అమ్మ చిన్నప్పుడు తెనాలి స్టేషన్ నుంచి ఇంటికి జట్కాలో వచ్చేవాళ్లట. "ఇదే వాసన, గడ్డీ చెమటా కలిసిన వాసన" అంది. చాలాసేపు ఆ చెయ్యి చీర కొంగుకి తుడుచుకోలేదు.

షాటో గురించి ఒక విషయం ముందుగా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. పెద్ద భవనం ఫ్రెంచి విప్లవం తర్వాత నేలమట్టమైంది. ఇప్పుడు దాని చోట మనం చూసేది 1875 నుంచి 1885 మధ్య ఫ్రాన్స్ రాజకుటుంబానికి చెందిన ఓమాల్ డ్యూక్ మళ్లీ కట్టించింది. ఆయనకి ఇద్దరు కొడుకులు బతికి పెద్దవాళ్లయ్యారు, ఇద్దరూ ఆయన కళ్లముందే పోయారు. భార్య 1869లో, ప్రవాసంలో ఉండగానే పోయింది. వారసులు లేని ఆ ఇంటిని, బొమ్మల్ని, పుస్తకాల్ని ఇన్‌స్టిట్యూట్ ద ఫ్రాన్స్ అనే పండితుల సంస్థకి రాసిచ్చేశాడు. షరతు ఏమిటంటే, చిత్రాల అమరిక మార్చకూడదు, ఏదీ బయటికి అరువివ్వకూడదు. 1898లో జనానికి తెరిచారు. అందుకే బొమ్మలు గోడనిండా వరసమీద వరసగా, ఆయన పెట్టించినట్టే ఉంటాయి. ఫ్రాన్స్‌లో పాత చిత్రాలకి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం తర్వాత ఇదే అని పేరు. అన్నిట్లోకీ నన్ను నిలబెట్టేసింది ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన ముగ్గురు స్త్రీల బొమ్మ. పదిహేడు సెంటీమీటర్లే, మన పూజగదిలో చిన్న పటం అంత. ముగ్గురి చేతుల్లోనూ బంగారు రంగు పళ్లు. వంగి చూడాలి, వెనక వాళ్లకి దారి ఇవ్వాలి, మళ్లీ వచ్చి చూడాలి.

మనుషుల బట్టలు వేసుకున్న కోతుల బొమ్మలతో గోడలు నిండిన గది ఒకటుంది, విప్లవంలో కూలకుండా మిగిలిన చిన్న భవనంలో, 1737 నాటిది. పిల్లలున్నవాళ్లు దాన్ని వదలొద్దు. మావారు హైదరాబాద్ మనిషి. 2005లో ఈ ఎస్టేట్‌ని బాగుచేయించడానికి ఫౌండేషన్ పెట్టింది అప్పటి ఇస్మాయిలీ ముస్లింల మతగురువు ఆగా ఖాన్ అని తెలిసి, "కుతుబ్‌షాహీ సమాధుల్ని బాగుచేసింది కూడా ఆయన ట్రస్టే" అని ఎంత సంతోషపడ్డారో. అప్పటిదాకా బస సంగతి తలుచుకుని ముభావంగా ఉన్న మనిషి.

మధ్యాహ్నం కారు దగ్గరే అమ్మ చేసిన పులిహోర తిన్నాం. తర్వాత తోటలో ఉన్న పల్లెటూరి ఇళ్ల దగ్గర షాంటిల్లీ క్రీమ్, అంటే చక్కెర వేసి గిలకొట్టిన మీగడ. ఈ ఇళ్లు 1774 నాటివి, వెర్సాయ్ రాజభవనం దగ్గర రాణి మేరీ ఆంత్వానెత్ కట్టించుకున్న పల్లెకి ఇదే నమూనా అంటారు. స్ట్రాబెర్రీలతో కప్పు 9 యూరోల 50. ఖరీదే, కానీ తినండి. చెంచా నిలబెడితే నిలబడింది. డబ్బా క్రీమ్ తిన్న నోటికి ఇది వేరే పదార్థం.

ఇక మూడో రోజు పొద్దున. తాళాలిచ్చేటప్పుడు బస యజమాని హాల్లో చెక్క టేబుల్ మీద తెల్లటి గుండ్రటి మచ్చ చూపించాడు. వేడి గిన్నె పెట్టారు, ఇది పాత టేబుల్, డిపాజిట్ రాదన్నాడు. అమ్మ వైపు చూసే అన్నాడు. పులిహోర చేసింది ఆవిడని వాసనకి తెలిసి ఉంటుంది. అమ్మ ఆ టేబుల్ మీద గిన్నె పెట్టనే లేదు, పొయ్యి పక్కనే తువ్వాలు నాలుగు మడతలు వేసి దానిమీద దించింది. పైగా బయల్దేరేముందు ఆ టేబుల్‌ని తన చేతులతో తుడిచింది. ఇంగ్లిష్ అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. "నేను చెయ్యలేదు" అని తెలుగులోనే ఆయనకి చెప్పింది, రెండుసార్లు. తిరుగు ప్రయాణంలో ఐదు గంటలూ కిటికీలోకే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక పాపే ట్యాబ్ తెచ్చి చూపించింది. మొదటి రోజు సాయంత్రం, సామాన్లు దించకముందే తన బొమ్మగుర్రాన్ని ఆ టేబుల్ మీద నిలబెట్టి ఫొటో తీసింది. గుర్రం కాళ్ల పక్కన ఆ తెల్ల మచ్చ స్పష్టంగా ఉంది. తేదీ, టైముతో సహా పంపించాం.

కాబట్టి నా మాట వినండి. షాంటిల్లీకి బస అక్కర్లేదు. పారిస్‌లోనే ఉండి గార్ దు నోర్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట లోపే షాంటిల్లీ స్టేషన్. అక్కడి నుంచి నడక ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. మంగళవారం మూసి ఉంటుంది, చూసుకోండి. గుర్రాల ప్రదర్శన టైము ముందే తెలుసుకుని దాన్నిబట్టి మిగతావి చూడండి. పొద్దున్నే వెళ్తే గుర్రాలు కనబడవచ్చు. ఎక్కడైనా పాత సామాన్లున్న ఇంట్లో దిగాల్సి వస్తే, పెట్టెలు లోపల పెట్టకముందే ప్రతి టేబుల్‌కీ, ప్రతి కుర్చీకీ ఫొటో తీసుకోండి.

పదిహేడో రోజున 250 యూరోలూ వెనక్కి వచ్చాయి. అప్పటికి అమ్మ తెనాలి వెళ్లిపోయింది. ఫోన్ చేసి చెప్పాను.

"నేను చెయ్యలేదని రాశాడా?" అని అడిగింది.

రాయలేదమ్మా అన్నాను.