విశాఖలో పేరూ అడ్రసూ లేని మ్యూజిక్ ప్లేయర్లు అమ్ముతున్నారు, జాగ్రత్త

పోయిన శనివారం నేను తిరిగిచ్చేసిన మ్యూజిక్ ప్లేయర్‌ని షాపతను నా కళ్ళముందే గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, మళ్ళీ అద్దాల బల్లలో సర్దేశాడు. రేపో ఎల్లుండో దాన్ని మీలో ఒకరు కొంటారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి డెబ్బై నాలుగేళ్ళు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. వేళ్ళు కొంచెం వణుకుతాయి. స్మార్ట్‌ఫోన్ తెర మీద ఒకచోట నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంటుంది. పాట వింటుంటే మధ్యలో ఎవరిదో కాల్ వస్తుంది, తర్వాత ఆ పాట ఎక్కడ ఆగిందో వెతుక్కోలేరు. ఆయనకి కావాల్సింది నొక్కితే వేలికి తెలిసే బటన్లున్న చిన్న ప్లేయర్. అలాంటివి పెద్ద కంపెనీలు దాదాపు వదిలేశాయి. 2001లో 5 జీబీతో మొదలైన ఐపాడ్‌ని ఆపిల్ 2022 మేలో ఆపేసింది. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా అనుకున్నారు. కానీ పెద్దవాళ్ళ అవసరం అలాగే ఉంది. ఆ ఖాళీలోకే ఈ పేరూ ఊరూ లేని సరుకు వచ్చి చేరింది.

మా ఇంట్లో బీరువా అడుగున ఇరవై క్యాసెట్లు ఉండేవి. నాన్న కుర్రతనంలో టేప్‌రికార్డర్ భుజాన వేసుకుని పాలకొండ దగ్గర మా ఊరు వెళ్ళి రికార్డు చేసినవి. ఊళ్ళో జరిగిన బుర్రకథలు, హరికథలు కొన్ని. మిగతావి మా మామ్మ పాడిన దంపుళ్ళ పాటలు, మంగళహారతులు. ఒక పాటలో రోకటి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకో దాంట్లో మధ్యలో పాట ఆపి "ఒరే బావూ, పిల్లి పాలకాడికి ఎల్తంది, తోలరా" అంటుంది. ఆ ముక్క వచ్చినప్పుడల్లా నాన్న నవ్వేవారు. మామ్మ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

ఈ ఊరి సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే. క్యాసెట్ల లోపల టేపు అంచుకి తెల్లగా బూజు పట్టడం మొదలైంది. ఇక లాభం లేదని పాత టేప్‌రికార్డర్ బాగు చేయించి, లాప్‌టాప్‌కి వైరు కలిపి ఒక్కొక్కటే ఎక్కించాను. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఇదే పని, రెండు నెలలు పట్టింది. పద్నాలుగో క్యాసెట్ పూర్తిగా రికార్డయ్యాక వెనక్కి తిప్పుతుంటే తెగిపోయింది. పోనీలే, కాపీ వచ్చేసింది కదా అనుకున్నాం.

ఫిబ్రవరిలో జగదాంబ సెంటర్ చుట్టుపక్కల ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ షాపులో ప్లేయర్ కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 64 జీబీ అని ఉంది. ధర 1,900 రూపాయలు. బిల్లు అడిగితే "బిల్లంటే జీఎస్టీ పడుతుంది మేడమ్, ఇంకో మూడొందలు అవుద్ది. ఎందుకు, ఏదైనా ఉంటే మేమున్నాం కదా" అన్నాడు. సరేనన్నాను. అది నా తప్పు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉండాలి, దాని మీద మళ్ళీ జీఎస్టీ వేయకూడదు. ఆ పెట్టె మీద అసలు ఎమ్మార్పీయే లేదని నేను అప్పుడు గమనించలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌కి పెడితే 59.6 జీబీ అని చూపించింది. ఇందులో మోసమేమీ లేదు. కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తుంది, కాబట్టి ఒరిజినల్ 64 జీబీ అయినా అంతే కనిపిస్తుంది. ముందు నాన్నకిష్టమైన పాత సినిమా పాటలు వేశాను, ఆరు జీబీ పైచిలుకు అయ్యాయి. ఆ తర్వాత ఇరవై క్యాసెట్లు. మంచి క్వాలిటీలో ఒక్కో క్యాసెట్ 144 ఎంబీ, అన్నీ కలిపి మూడు జీబీ కూడా లేవు. ఒక్క ఎర్రర్ రాలేదు. లిస్టులో అన్ని పేర్లూ ఉన్నాయి. మొదటి రెండు వినిపించి చూశాను, చక్కగా పాడాయి. నెల తిరక్కుండానే నేను ఉద్యోగం మారాను. ఆ లాప్‌టాప్ ఆఫీసుది, ఇచ్చేశాను, వాళ్ళు ఫార్మాట్ చేసేశారు.

నాన్న రోజూ సినిమా పాటలే వింటూ వచ్చారు. క్యాసెట్లు వరసగా వినడం ఉగాది వారంలో మొదలుపెట్టారు. ఒకరోజు సాయంత్రం వరండాలో మడత కుర్చీలో కూర్చుని "అమ్మాయ్, ఇది పాడటం లేదే" అన్నారు. వెళ్ళి చూస్తే తెర మీద తొమ్మిదో క్యాసెట్ పేరుంది, దాని కింద 00:00 అని ఉంది, అంకె కదలడం లేదు. ముందుకు నొక్కాను. పది, 00:00. పదకొండు, 00:00. ఇరవై దాకా అంతే. పద్నాలుగు దగ్గర మళ్ళీ మళ్ళీ నొక్కాను. నాన్న ప్లేయర్ వంక చూడటం లేదు, నా మొహంలోకి చూస్తున్నారు.

తర్వాత ఆఫీసులో ఒక తమ్ముడు చెబితే, పాడే ఎనిమిది క్యాసెట్లనీ వేరేచోట కాపీ చేసుకుని, ప్లేయర్‌ని ఖాళీ చేసి, హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్ష పెట్టాను. అది మెమొరీ మొత్తం నింపి, రాసింది రాసినట్టు ఉందో లేదో తిరిగి చదివి చూస్తుంది. రాత్రి పెట్టి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే ఎర్ర అక్షరాల్లో ఫలితం: 7.3 జీబీ మాత్రమే బాగుంది, మిగతా 52 జీబీలో రాసిందంతా పోయింది. అంటే లోపల ఉన్నది 8 జీబీ చిప్.

ఇది ఎలా చేస్తారో తెలుసుకుంటే కడుపు మండుతుంది. మెమొరీ చిప్‌ని నడిపించే ఇంకో చిన్న చిప్ ఉంటుంది, దాన్ని కంట్రోలర్ అంటారు. కంప్యూటర్ "నీ సైజు ఎంత" అని అడిగితే జవాబు చెప్పేది అదే. దానికి అబద్ధం నేర్పుతారు. ఎనిమిది ఉన్నా అరవై నాలుగు అని చెబుతుంది, కంప్యూటర్ నమ్ముతుంది. ఎనిమిది నిండాక వచ్చిన డేటాని కొన్ని గాలికి వదిలేస్తాయి, కొన్ని మళ్ళీ మొదటికొచ్చి పాతవాటి మీదే రాసేస్తాయి. ఫైళ్ళ పేర్ల పట్టిక మొదట్లోనే రాసి ఉంటుంది కాబట్టి పేర్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి. లోపల మాత్రం ఏమీ ఉండదు. పెన్‌డ్రైవుల్లో, ఫోన్లలో వేసుకునే మెమొరీ కార్డుల్లో కూడా ఇదే మోసం నడుస్తోంది. పెళ్ళి ఫొటోలు, పిల్లల వీడియోలు వాటిలోనే పెట్టుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

సరే, తయారుచేసినవాడినే అడుగుదాం అనుకున్నాను. మెమొరీ ఒక్కటే కాదు, చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. తెలుగులో పేరు పెడితే తెర మీద డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోంది, ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్ళు ఏం చేయాలి? ఆపి మళ్ళీ పెడితే ఆగినచోటి నుంచి కాక మొదటి పాట నుంచి మొదలవుతోంది. సౌండు బటన్, పాట మార్చే బటన్ పక్కపక్కనే ఒకే సైజులో ఉన్నాయి. ఛార్జింగ్ పెడితే వెనక మూత చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడ్రసు కోసం పెట్టె తిప్పాను. ఆరు పక్కలా చూశాను. లోపలి మాన్యువల్ విప్పి లైటు కింద పెట్టి చూశాను. తయారీదారు పేరు లేదు, దిగుమతిదారు పేరు లేదు, ఫోన్ నంబరు లేదు, ఈమెయిల్ లేదు. నెల, సంవత్సరం లేవు. బీఐఎస్ (వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది, ఎవరికి పంపాలో తెలీక.

పేరున్న కంపెనీ వస్తువులో లోపం ఉంటే తిట్టడానికైనా ఒక మనిషి ఉంటాడు. పదిమంది ఒకే లోపం చెబితే తర్వాతి మోడల్లోనైనా సరిచేస్తారేమోనని ఆశ ఉంటుంది. పెట్టె మీద పేరు పెట్టనివాడు మన మాట వినకూడదనే పెట్టలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది అదే.

ఆ వివరాలు వేయడం కంపెనీవాళ్ళ దయ కాదు. పెట్టెల్లో అమ్మే సరుకు మీద ఏమేం రాయాలో చెప్పే 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రసు, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలి. ఇలాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో చాలావాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. ఆర్ అనే అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుకి ఇచ్చారో వచ్చేస్తుంది. షాపులో నిలబడే చూడొచ్చు, నిమిషం పని. అది నేను ఫిబ్రవరిలో చేసి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

షాపుకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి "మాకేం తెలుసు మేడమ్, మేమూ పైనుంచి తెచ్చుకున్నదే" అన్నాడు. రెండోసారి "బిల్లేది?" అన్నాడు, బిల్లు వద్దన్న మనిషే! అప్పుడు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు లేకపోయినా యూపీఐలో డబ్బు కట్టిన రికార్డు నా ఫోన్లో ఉంది, పెట్టె ఫొటోలున్నాయి, పరీక్ష ఫలితం ఫొటో ఉంది. మూడోసారి అవన్నీ చూపించి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ గురించి చెప్పాను. తయారుచేసినవాడెవడో తెలియకపోతే ఆ వస్తువు వల్ల జరిగిన నష్టానికి అమ్మినవాడే బాధ్యుడు కావాల్సి వస్తుంది. ఐదు లక్షల లోపు వస్తువుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ దాకా గడువుంటుంది. ఇంక మాట్లాడకుండా 1,900 లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఏం చేశాడో మొదట్లోనే రాశాను. "అది మళ్ళీ అమ్ముతారా?" అని అడిగితే "కంప్లైంట్ అందరికీ రాదు మేడమ్" అన్నాడు.

షాపు పేరు రాయడం లేదు. ఈ సరుకు ఒక్క షాపులోనే లేదు. ఆ తర్వాత డాబాగార్డెన్స్‌లో, గాజువాకలో ఊరికే అడిగి చూశాను, అచ్చం అలాంటి పెట్టెలే, పైన బొమ్మ వేరు, అంతే. పేరు రాస్తే ఆ ఒక్క షాపు మానేసి పక్క షాపులో కొంటారు.

ఇప్పటికే కొనేసినవాళ్ళకి ఒక్క మాట. మొదటి పాట విని ఊరుకోకండి. వీలైనంత నింపి, కంప్యూటర్ నుంచి తీసి, మళ్ళీ పెట్టి, అన్నిటికన్నా చివర ఎక్కించిన ఫైలు వినండి. పూర్తి పరీక్ష పెట్టాలంటే మీవేవీ అందులో లేనప్పుడే పెట్టండి, నకిలీదైతే ఆ పరీక్షే ఉన్నవాటిని చెరిపేయొచ్చు. సెకనుకి 10 ఎంబీ లెక్కన 64 జీబీ నిండటానికే గంటా ముప్పావు పడుతుంది, తిరిగి చదవడానికి ఇంకొంత. రాత్రి పెట్టి పడుకోవడం మేలు. అది బాగుందని తేలినా సరే, ఇంకోచోట కాపీ లేకుండా ఒరిజినల్ మాత్రం చెరపకండి.

పోయిన పన్నెండు క్యాసెట్లలో తొమ్మిది మళ్ళీ ఎక్కించగలిగాను, ఇంకో నాలుగు వారాలు పట్టింది. రెండింటికి బూజు ఎక్కువై టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పద్నాలుగోది తెగినది. పిల్లి మాట ఉన్నది అందులోనే. నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తన దిండు పక్కన పెట్టుకున్నారు. నేను అతికిద్దామని చూశాను గానీ తెగినచోట టేపు ముడతలు పడి ఉంది, నా చేతుల్లో ఇంకా పాడవుతుందేమోనని భయమేసి వదిలేశాను.

విశాఖలో గానీ, విజయనగరం, శ్రీకాకుళం వైపు గానీ పాత క్యాసెట్ టేపు అతికించడం, బూజు శుభ్రం చేయడం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి కామెంట్లో చెప్పండి. పాత రేడియో మెకానిక్ అయినా పరవాలేదు. ఎంత దూరమైనా నేనే తీసుకొస్తాను.