మిలిటరీ స్థలంపై ఆర్టీఐ: ఢిల్లీకి వేయాలా, కలెక్టరేట్‌కా?

తిరుపతి జిల్లాలోని మిలిటరీ స్థలంలో కంచె లోపల ఏం జరుగుతోందని ఢిల్లీలోని రక్షణ శాఖను అడిగితే చాలావరకు సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఎ), అంటే దేశ భద్రత మినహాయింపు, చూపించి తోసిపుచ్చుతారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అయితే మరీ కష్టం. అది రెండో షెడ్యూల్‌లో (చట్టం నుంచి మినహాయించిన సంస్థల జాబితాలో) ఉంది కాబట్టి సెక్షన్ 24 ప్రకారం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించింది తప్ప ఇంకేమీ ఇవ్వనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో 10 రూపాయలతో పని అయిపోవడం ఒక్కటే సుఖం.

మా ఓటు రెవెన్యూ ఆఫీసులకే. లోపల జరిగే పని రహస్యం కావచ్చు గానీ, ఆ భూమి ఏ రైతు దగ్గర, ఎంత పరిహారానికి తీసుకున్నారో దాచాల్సిన పనేముంది? "ఎందుకు తీసుకున్నారు" అని మాత్రం అడగొద్దు. ప్రశ్నలకు జవాబులివ్వక్కర్లేదని తిప్పి పంపుతారు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు భూసేకరణ అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు), 1894 భూసేకరణ చట్టం కింద ఇచ్చిన 4(1) నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామన్న తొలి ప్రకటన), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు కావాలని రాయండి. తహసీల్దార్ ఆఫీసులో ఫీజు 5 రూపాయలు, కలెక్టరేట్‌లో 10.

దెబ్బతినేది ఫైలు ఉన్న చోటు దగ్గరే. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత కాగితాలు చిత్తూరులో ఉండొచ్చు, సూళ్లూరుపేట వైపువైతే నెల్లూరులో. అందుకే, తమ దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో బదిలీ చేయాలని దరఖాస్తులోనే రాసేయండి. కొంత భాగం రహస్యమంటే, సెక్షన్ 10 ప్రకారం మిగతాదైనా ఇమ్మనండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.