మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్: మంట పుట్టేదే మంచిదా?

మా అమ్మ మోకాళ్ల పుణ్యమా అని నొప్పి జెల్ మా ఇంట్లో నెల సామాన్ల లిస్టులోకి ఎక్కేసింది. షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకోవడం, చల్లగా చుర్రుమంటే మంచిదని, లేకపోతే దండగని తేల్చేయడం, అందరం చేసేది ఇదే. ఈ మధ్య రెండు రకాలు పక్కపక్కన పెట్టుకుని వెనకాల చిన్న అక్షరాలు చదివాను, అందుకే ఈ రివ్యూ.

మొదటిది ఇక్కడి ట్యూబు. కంపెనీ ఏదైనా చాలావాటి మీద లెక్క ఒకటే: డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ (నొప్పి తగ్గించే అసలు మందు ఇదే) 1.16 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10, మెంథాల్ 5, అవిసె నూనె 3, ఆఖర్న ‘జెల్ బేస్ క్యూ.ఎస్.’, అంటే మిగతాదంతా సరిపడా బేస్ అని. ఆ బేస్‌లో ఏముందో మాత్రం చెప్పరు. నాకు ఒళ్లు మండేది అక్కడే, ఎందుకంటే మందు లోపలికి వెళ్లడం వెళ్లకపోవడం చాలావరకు దాని మీదే ఉంటుంది.

చర్మం పైపొర వెంట్రుక మందం కూడా ఉండదు, కానీ కొవ్వు నిండిన గట్టి పొర. అందులోకి దూరేది కరిగి ఉన్న మందే, కరగకుండా పలుకుల్లా మిగిలింది ఎంత రుద్దినా పైనే ఉండిపోతుంది. డైక్లోఫెనాక్‌కి నీళ్లతో పెద్దగా పొత్తు కుదరదు కాబట్టి ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ లాంటివి కలిపి కరిగిస్తారు. రాశాక ఆల్కహాల్ ఆవిరైపోతుంది, మిగిలిన పల్చటి పొరలో మందు చిక్కబడి లోపలికి తోసుకెళ్తుంది. అలాగని కరిగించేవి మరీ ఎక్కువ పోసినా చిక్కే, మందు బేస్‌లోనే హాయిగా ఉండిపోయి చర్మంలోకి కదలదు. మెంథాల్ కూడా ఆ కొవ్వు పొరను కాస్త వదులు చేస్తుందిలెండి, కానీ ఆ చల్లదనం మందు పనిచేస్తోందనడానికి గుర్తు కాదు.

రెండోది తమ్ముడు అమెరికా నుంచి పంపిన వోల్టారెన్, డైక్లోఫెనాక్ సోడియం 1 శాతం. అక్కడ 2020 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్, మినరల్ ఆయిల్, అన్నీ డబ్బా మీదే రాసుంటాయి. మెంథాల్ లేదు. అమ్మ రాసుకుని “ఇదేంట్రా, మంటే లేదు, ఏం పనిచేస్తుంది” అని పక్కన పడేసింది. పూర్తిగా పనిచేయడానికి ఏడు రోజులు పట్టొచ్చని దాని మీదే ఉందని చదివి వినిపిస్తే గానీ మళ్లీ పట్టుకోలేదు. నాకు బాగా నచ్చింది డబ్బాలో ఇచ్చిన కొలత కార్డు: మోకాలికి నాలుగున్నర అంగుళాల గీత, అంటే 4 గ్రాములు, రోజుకి నాలుగుసార్లు. మనం వేలి కొసకి అద్దుకుని రాసేది ఏ మూలకీ రాదన్నమాట. అలా పూర్తి మోతాదు ఒక మోకాలికి రాసినా రక్తంలోకి చేరేది మాత్రలతో చేరేదాంట్లో సుమారు 6 శాతమే, అమ్మలాంటి గ్యాస్ట్రిక్ మనిషికి అదే పెద్ద ఊరట.

రాశాక గంటసేపు కడగకూడదు, పైన కట్టు కట్టకూడదు, వేడినీళ్ల కాపడం అసలే వద్దు. రక్తం పల్చబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లు ఏ జెల్ అయినా డాక్టర్ని అడిగే రాసుకోండి, మిథైల్ సాలిసిలేట్ ఉన్నవైతే మరీను.

నా ఓటు రెండోదానికే. ఇక్కడిది వాసన ఇల్లంతా కొడుతుంది, చీరకి జిడ్డు అంటుతుంది, మూత వారానికే పగిలింది. అమ్మ ఓటు మాత్రం ఇప్పటికీ మంటకే.