విజయవాడ ఇంట్లో పియానో: సాలిడ్ స్ప్రూస్ బోర్డా, లామినేటెడ్ బోర్డా?

తీగల కంపనాన్ని నాదంగా పెంచే చెక్క పలకే సౌండ్‌బోర్డు. అది ఒకే రకం స్ప్రూస్ చెక్కతో చేసిన సాలిడ్ అయితే మేలా, పొరలు అతికించిన లామినేటెడ్ అయితే మేలా అన్నది అప్‌రైట్ (నిలువు) పియానో కొనబోయేవాళ్లు పదే పదే అడిగేది. చెవి ఒక్కటే తేల్చాలంటే సాలిడే గెలుస్తుంది. స్ప్రూస్ తేలికైన చెక్క, అయినా నార పొడవునా గట్టి బిగువు. నార వెంట కంపనం వేగంగా సాగుతుంది, నారకు అడ్డంగా వెనకబడుతుంది. ఆ లోటు తీర్చడానికే బోర్డు వెనక రిబ్స్‌ను (సన్నని చెక్క పట్టీలను) నారకు అడ్డంగా అతికిస్తారు. లామినేటెడ్‌లో పొరల నార ఒకదానికొకటి అడ్డంగా ఉంటుంది, మధ్యలో జిగురు. కంపనంలో కొంత అక్కడే ఆరిపోతుంది. పై స్థాయి మెట్లు నొక్కితే నాదం కాస్త త్వరగా అణగడం వినిపిస్తుంది. మంద్రంలో తేడా పట్టడం కష్టం. అన్నిటికన్నా కింది మెట్టు 27.5 హెర్ట్జ్, చిన్న అప్‌రైట్ బోర్డు ఏదైనా అంత కిందికి బలంగా కదలదు, మనం వినేది చాలావరకు హార్మోనిక్సే, అంటే అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలే.

కానీ మన దగ్గర అసలు తేల్చేది గాలి. రోహిణి కార్తెలో వడగాడ్పు, శ్రావణ భాద్రపదాల్లో ఉక్క, పైగా రాత్రి ఏసీ, పగలు తెరిచిన కిటికీలు. తేమ పీల్చిన స్ప్రూస్ నారకు అడ్డంగా ఉబ్బుతుంది. అంచులు ఫ్రేముకు బిగించి ఉంటాయి కాబట్టి పక్కకు జరిగే చోటు లేదు. బోర్డు ముందుకు మరింత పొంగి బ్రిడ్జిని (తీగలు ఆనే చెక్క దిమ్మను) తీగల మీదికి నెడుతుంది, నడిమి స్థాయి శ్రుతి పెరుగుతుంది. చోటు లేక నలిగిన నార మళ్లీ ఎండినప్పుడు చీలుతుంది. చీలిక ఒక్కటే అయితే ప్రాణం మీదికి రాదు. రిబ్ దగ్గర జిగురు విడితేనే చిక్కు: ఏదో ఒక మెట్టు నొక్కినప్పుడు మాత్రం జుయ్‌మంటుంది. అడ్డపొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచడంతో లామినేటెడ్ బోర్డు ఇలా చీలడం చాలా అరుదు.

అందుకే గదిలో తేమ ఏడాది పొడవునా 40–60 శాతం మధ్య నిలపగలిగితే సాలిడ్ తీసుకోండి. రాత్రి మాత్రమే ఏసీ వేసే ఇంటికి లామినేటెడే నయం. పిన్‌బ్లాక్ (తీగలు బిగించే పిన్నులు దిగే చెక్క దిమ్మ), ఫెల్టులు రెండు రకాల పియానోల్లోనూ తేమకు లొంగేవే, కాబట్టి ఏడాదికి రెండుసార్లు ట్యూనింగ్ ఎటూ తప్పదు. మామూలు డిజిటల్‌కు సౌండ్‌బోర్డే ఉండదు, ఈ బాధా లేదు, ఆ నాదమూ లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో ఏ బోర్డో తెలియాలంటే ఇనుప ఫ్రేము బోల్టులు దిగే రంధ్రం అంచును టార్చితో చూడండి. ప్లైవుడ్‌లా గీతలు కనిపిస్తే లామినేటెడ్. సాలిడ్ అయితే వెనక వైపు, పొడవాటి రిబ్ పక్కనే, బోర్డు రెండు చివర్లకూ దారం ఆనించి బిగించండి. మధ్యలో దారానికీ బోర్డుకీ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందుంటే పొంగు (తయారీలోనే బోర్డుకు తీగల వైపు ఇచ్చే కొద్దిపాటి వంపు) ఇంకా నిలిచినట్టే. దారం బోర్డును తాకుతూ ఉంటే పొంగు పోయినట్టు, బేరం ఆపేయండి.